డిజైన్ చదవని సహోద్యోగులు ఫిగ్మాలో స్క్రీన్లు గీస్తున్నారు: వారికి దారి చూపడం ఎలా?

మాదాపూర్_మీనా

సూక్ష్మ రుణ సంస్థల క్షేత్ర సిబ్బంది వాడే యాప్‌ను తయారుచేసే ఒక కంపెనీలో నేను ఇంటర్‌ఫేస్ డిజైనర్‌గా పనిచేస్తున్నాను. అన్ని బృందాలకూ కలిపి డిజైన్ చదువుకున్న ఉద్యోగిని నేనొక్కదాన్నే. కొంతకాలంగా మా ప్రోడక్ట్ మేనేజర్లు, బిజినెస్ అనలిస్టులు, కొందరు టెస్టర్లు కూడా స్క్రీన్లు గీసే ఉపకరణమైన ఫిగ్మా నేర్చుకుని, సొంతంగా స్క్రీన్లు గీసి, నొక్కితే ఒకదాని నుంచి మరొకదానికి కదిలే ప్రోటోటైపులు తయారుచేస్తున్నారు. వారి చొరవను నేను తప్పుపట్టడం లేదు. కానీ ఆ ప్రోటోటైపులు పూర్తయిన యాప్‌లాగే కనిపించడం వల్ల క్లయింటు సమావేశంలోనే వాటికి ఆమోదం లభిస్తోంది. ఆ తరువాత అవి "కాస్త అందంగా తీర్చిదిద్దండి" అన్న మాటతో నా దగ్గరకు వస్తున్నాయి. ఏ వివరం ముందు అడగాలి, ఏది తరువాతకు వదలాలి, అసలు ఆ స్క్రీన్ అవసరమా అని అడిగే అవకాశం అప్పటికే చేజారిపోతోంది.

ఈ మధ్య జరిగినది చెబుతాను. మహిళా సంఘం సమావేశంలో కూర్చుని నింపే రుణ దరఖాస్తును మా ప్రోడక్ట్ మేనేజర్ డేటాబేస్‌లో వివరాలు ఉన్న వరుసలోనే గీశారు. ముందు ఆధార్, తరువాత బ్యాంకు ఖాతా, ఆ తరువాత నామినీ, అన్నిటికన్నా చివర రుణ మొత్తం. గ్రామంలో మాట మొదలయ్యేది "ఎంత కావాలి, నెలకు ఎంత కట్టగలరు" అన్న దగ్గర. ఆమోదం పొందిన స్క్రీన్ కాబట్టి ఆ వరుస మార్చడానికి క్లయింటును మళ్లీ ఒప్పించాల్సి వచ్చింది.

మీ కార్యాలయాల్లో ఇలాంటి సహోద్యోగులకు ఎలా దారి చూపుతున్నారు? శిక్షణ ఇస్తున్నారా, నియమాలు పెడుతున్నారా, అనుమతులే తగ్గిస్తున్నారా?

గుంటూరు_జీఎస్

ఎడిట్ అనుమతి తీసివేయండి. ఫైలు చూడటానికి, దానిపై వ్యాఖ్యలు రాయడానికి అనుమతి ఉంటే వారి పనికి సరిపోతుంది. స్క్రీన్‌కు జవాబుదారీ ఒక్కరే ఉండాలి. పదిమంది గీసినదాన్ని ఒకరు సరిదిద్దడం కన్నా, ఒకరు గీసినదాని మీద పదిమంది అభిప్రాయం చెప్పడం త్వరగా తేలే పని.

బీఏ_స్వర్ణ

జీఎస్ గారి సూచనతో నేను ఏకీభవించను. నేను బిజినెస్ అనలిస్టును, డిజైన్ చదవలేదు, ఫిగ్మాలో గీస్తాను. మేము ఎందుకు గీస్తున్నామో ముందు తెలుసుకోండి. అవసరాల పత్రం రాసి పంపితే దాన్ని చివరిదాకా చదివేవారు అరుదు, చదివినవారికి కూడా తలా ఒక రకంగా అర్థమవుతుంది. అదే విషయాన్ని స్క్రీన్‌గా చూపిస్తే అభ్యంతరాలన్నీ ఒక్క సమావేశంలో బయటపడతాయి. డిజైనర్ ఒక్కరే ఉన్న చోట వారి ఖాళీ కోసం వారాల తరబడి ఎదురుచూడటం కుదరదు. అనుమతి తీసివేస్తే మేము పవర్‌పాయింట్‌లో గీస్తాం, ఎక్సెల్‌లో గీస్తాం. అప్పుడు మీకు ఆ ఫైలు కూడా కనిపించదు.

మీనా గారి ఉదాహరణ విషయంలోనూ ఒక మాట చెప్పాలి. రిజర్వ్ బ్యాంకు 2022లో తెచ్చిన ఆదేశాల ప్రకారం సూక్ష్మ రుణమంటే ఏడాదికి 3 లక్షల రూపాయల వరకు ఆదాయం ఉన్న కుటుంబానికి తాకట్టు లేకుండా ఇచ్చే రుణం. ఆ కుటుంబం అన్ని అప్పులకూ కలిపి నెలనెలా కట్టే మొత్తం దాని నెలసరి ఆదాయంలో 50 శాతం దాటకూడదు. కాబట్టి కుటుంబ ఆదాయం, ఇప్పటికే ఉన్న వాయిదాలు తెలియకుండా "ఎంత కావాలి" అని అడిగితే, ఆశపెట్టి ఆ తరువాత కాదన్నట్టు అవుతుంది. మీ ప్రోడక్ట్ మేనేజర్ వరుస సరైనదని నేను అనడం లేదు. మీ వరుస కూడా నియమం తెలిసినవారు పక్కన కూర్చుంటే తప్ప తేలదని మాత్రమే అంటున్నాను.

పాతకాపు_సికింద్రాబాద్

ఇద్దరి మాటల్లోనూ బలం ఉంది. నా దృష్టిలో అసలు చిక్కు ఎవరు గీశారన్నదానిలో కన్నా, గీసినది ఎంత పూర్తయినట్టు కనిపిస్తోందన్నదానిలో ఉంది.

ఇల్లు కట్టే ముందు స్థలంలో ముగ్గు పోస్తారు. ఆ గీతలు చూసి ఇంట్లో అందరూ ధైర్యంగా మాట్లాడతారు, వంటగది అటు జరపమంటారు, వాకిలి ఇటు పెట్టమంటారు. సున్నాలు వేసిన గోడ ముందు నిలబడి ఆ మాట ఎవరూ అనరు. స్క్రీన్ల విషయంలోనూ మనిషి స్వభావం ఇంతే. రంగులు, లోగో, నిజమైన ఐకాన్లు ఉన్న ప్రోటోటైప్‌ను చూసిన క్లయింటు బటన్ రంగు గురించి మాట్లాడతాడు కానీ ఆ బటన్ అక్కడ ఉండాలా అని అడగడు.

2008లో వచ్చిన బాల్సామిక్ అనే ఉపకరణం ఈ కారణంతోనే స్క్రీన్లను చేతితో గీసినట్టు చూపిస్తుంది. అది లోపం వల్ల వచ్చిన రూపం కాదు, చూసేవారికి "ఇది ఇంకా ఆలోచన దశలోనే ఉంది" అని తెలియాలని కోరి పెట్టుకున్నది. మీ వారందరినీ బాల్సామిక్‌కు మార్చమని చెప్పను, ఫిగ్మాలోనే ఆ క్రమశిక్షణ తేవచ్చు. నలుపు, తెలుపు, రెండు బూడిద ఛాయలు, ఒకే ఫాంటు, చిత్రం ఉండాల్సిన చోట అడ్డగీతల పెట్టె మాత్రమే ఉన్న ఒక కిట్ తయారుచేసి ఇవ్వండి. డిజైన్ చదవని వారు ఆ కిట్‌తోనే గీయాలన్న ఒక్క నియమం పెట్టండి. వారి ఆలోచనకు అడ్డు ఉండదు, క్లయింటుకు తొందరపాటు ఆమోదం ఇచ్చే అవకాశమూ ఉండదు.

గుంటూరు_జీఎస్

స్వర్ణ గారు చెప్పిన 50 శాతం నియమం లాంటివి డిజైనర్‌కు తెలియాలన్న దానితో నాకు పేచీ లేదు. ఆ నియమాన్ని మాటల్లో చెప్పవచ్చు, దానికి స్క్రీన్ గీయనక్కర్లేదన్నదే నా వాదన. పాతకాపు గారి బూడిద కిట్ నాకు నచ్చింది, కానీ దాన్ని ఎవరూ రెండు వారాలకు మించి పాటించరు. అమ్మకాల బృందం నుంచి "రంగులు వేసి పంపండి" అన్న ఒత్తిడి మొదలవుతుంది.

మాదాపూర్_మీనా

స్వర్ణ గారూ, మీ సవరణ సరైనది. కోరిక మొత్తం, కుటుంబ ఆదాయం, ప్రస్తుత వాయిదాలు ఈ మూడూ మొదటి స్క్రీన్‌లోనే పక్కపక్కన ఉండి, అర్హత మొత్తం అక్కడికక్కడే కనబడితే సంఘం సభ్యురాలికి స్పష్టత వస్తుంది, నియమమూ నిలబడుతుంది. ఈ పరిష్కారం నా ఒక్కదానికి తట్టేది కాదు. అందుకే అనుమతులు తగ్గించడానికి నా మనసు ఒప్పుకోవడం లేదు. జీఎస్ గారు చెప్పిన అమ్మకాల ఒత్తిడి మాత్రం మా దగ్గర నిజంగానే ఉంది.

కోడుగూడు

ఈ ప్రోటోటైపులను చివరికి కోడుగా మార్చే డెవలపర్‌గా రాస్తున్నాను. డిజైన్ చదవని వారు పంపిన ఫైళ్లలో నాకు ఎదురయ్యే లోపం అందానికి సంబంధించినది కాదు. వాటిలో అంతా సవ్యంగా జరిగిన దారి ఒక్కటే ఉంటుంది. వినియోగదారు ప్రతి గడినీ సరిగ్గా నింపుతాడు, నెట్‌వర్క్ ఎప్పుడూ పోదు, జాబితాలో ఎప్పుడూ చక్కగా అయిదు పేర్లే ఉంటాయి. జాబితా ఖాళీగా ఉంటే ఏం చూపాలి, మూడు వందల పేర్లు ఉంటే ఏం చూపాలి, ఓటీపీ రాకపోతే ఏం చేయాలి, ఫోటో సగం ఎక్కాక సిగ్నల్ పోతే ఏమవుతుంది అన్నవాటికి సమాధానం ఉండదు. అవి నేను కోడు రాస్తున్నప్పుడు, రాత్రిపూట, నాకు తోచినట్టు తేల్చుకోవాల్సి వస్తుంది. అంటే డిజైన్ చదవని మరొక మనిషి డిజైన్ చేస్తున్నట్టే.

కాబట్టి మీనా గారూ, మీరు వారికి ఏదైనా ఒక్కటే నేర్పదలిస్తే ఇది నేర్పండి. ప్రతి స్క్రీన్ పక్కనా దాని ఖాళీ స్థితి, లోడవుతున్న స్థితి, తప్పు జరిగిన స్థితి, నెట్‌వర్క్ లేని స్థితి ఉండాలి. గీయడం రాకపోతే ఆ చోట ఒక పెట్టె పెట్టి ఏం జరగాలో రెండు వాక్యాలు రాసినా నాకు చాలు.

అక్షరయాత్ర

కోడుగూడు గారి జాబితాకు మరొక స్థితిని కలపాలి, అది తెలుగు స్థితి. క్షేత్ర సిబ్బంది, రుణగ్రహీతలు తెలుగులో చదువుతారు, మనం మాత్రం ప్రోటోటైప్ మొత్తం ఇంగ్లీషులో గీస్తాం. తెలుగు పాఠం చివరి వారంలో వచ్చి కూర్చుంటుంది. అప్పుడు ఏం జరుగుతుందో నేను పదేపదే చూశాను. ఇంగ్లీషులో చిన్న మాటకు సరిపోయేలా వెడల్పు కట్టేసిన బటన్‌లో "దరఖాస్తు చేయండి" అన్నది రెండు వరుసలై పెట్టె దాటిపోతుంది. పైన గుడి, కింద ఒత్తు ఉన్న అక్షరాలకు నిలువు చోటు ఎక్కువ కావాలి. ఇంగ్లీషు కొలతతో బిగించిన వరుసల్లో "రాష్ట్రం", "స్త్రీ నిధి" వంటి మాటల ఒత్తులు కింది వరుస గుడులకు తగులుతాయి, లేదా పెట్టె అంచు దగ్గర తెగిపోతాయి. ముఖ్యమైన మాటను పెద్దక్షరాలతో చూపించే ఇంగ్లీషు అలవాటుకు తెలుగులో చోటే లేదు, కాబట్టి ఆ ప్రాధాన్యాన్ని అక్షరాల మందంతోనో పరిమాణంతోనో చూపాలని ముందే అనుకోవాలి.

పేర్ల గడులది ఇంకో కథ. విదేశీ టెంప్లేట్లలో మొదటి పేరు, చివరి పేరు అని రెండు గడులు ఉంటాయి, మనవాళ్లు వాటిని అలాగే తెచ్చి పెడతారు. మనకు ఇంటిపేరు ముందు వస్తుంది, చాలామందికి అది ఒక్క పొడి అక్షరంగానే పత్రాల్లో ఉంటుంది, ఆధార్‌లో ఒక రకంగా, బ్యాంకు పుస్తకంలో మరొక రకంగా ఉంటుంది. రుణ దరఖాస్తు అక్కడే ఆగిపోతుంది. "ఆధార్‌లో ఉన్నట్టు పూర్తి పేరు" అన్న ఒక్క గడి ఆ బాధను చాలావరకు తీరుస్తుంది. ఇలాంటివి ఏ డిజైన్ పాఠ్యపుస్తకంలోనూ దొరకవు, పల్లెకు వెళ్లి వచ్చిన సిబ్బందికే తెలుస్తాయి.

నల్లగొండ_నవీన్

నేను ప్రోడక్ట్ మేనేజర్‌ను, ఫిగ్మాలో గీసేవారిలో ఒకడిని. అక్షరయాత్ర గారు చెప్పినది అర్థమైంది, కానీ గీసే సమయానికి తెలుగు పాఠం నా చేతిలో ఉండదు. అప్పుడు ఏం చేయాలి?

అక్షరయాత్ర

తుది పాఠం అక్కర్లేదు నవీన్ గారూ. మీరు మాట్లాడే తెలుగులో ఉజ్జాయింపుగా రాసేయండి, భాష తరువాత ఎవరైనా దిద్దుతారు. గడులలో నిజంగా ఉండగల పొడవైన పేర్లు, ఊరి పేర్లు పెట్టండి. ఫిగ్మాలో 2019 చివరి నుంచి ఆటో లేఅవుట్ ఉంది. పాఠం పెరిగితే పెట్టె దానంతట అదే పెరిగేలా అమర్చుకోవడం ఒక్క పూటలో నేర్చుకోవచ్చు. ఫాంటుగా నోటో సాన్స్ తెలుగు గానీ మండలి గానీ పెట్టుకోండి, రెండూ ఉచితంగా దొరుకుతాయి. యాక్సెసిబిలిటీ (వైకల్యం ఉన్నవారు కూడా వాడగలగడం) ప్రమాణమైన డబ్ల్యూసీఏజీ కూడా వరుసల మధ్య ఎడాన్ని ఫాంటు పరిమాణానికి 1.5 రెట్లకు పెంచినప్పుడు పాఠం ఏదీ పోకూడదంటుంది. తెలుగుకు ఆ ఎడాన్ని మొదటి నుంచే ఇవ్వడం మంచిది.

శాన్‌హోసే_శ్రీ

ఇక్కడ ఒక పెద్ద సంస్థలో డిజైన్ సిస్టమ్ బృందంలో, అంటే అందరూ వాడే సిద్ధమైన స్క్రీన్ భాగాలను తయారుచేసే బృందంలో ఉన్నాను. మా దగ్గర గీసేవారిలో డిజైనర్లు కానివారే ఎక్కువ, కాబట్టి మీనా గారి పరిస్థితి నాకు బాగా పరిచయం. మేము ముందు శిక్షణ తరగతులు పెట్టాం. వాటిలో ఉపకరణం నేర్పాం, ఫలితంగా అందరూ మరింత వేగంగా, మరింత మెరుగుగా కనిపించే స్క్రీన్లు గీయడం మొదలుపెట్టారు. ఆలోచన మాత్రం ఉన్నచోటే ఉంది. ఉపకరణం మీద పెట్టిన శ్రమ నిలవదు కూడా. ఫిగ్మా లాంటి ఉపకరణాల్లో ఒకప్పుడు అందరూ వాడిన ఇన్‌విజన్ 2024 చివర మూతపడింది, అడోబీ ఎక్స్‌డీకి 2023 నుంచి కొత్త అభివృద్ధి ఆగిపోయింది. మెనూలు కంఠస్థం చేయించిన తరగతులు వాటితో పాటే పోయాయి.

మాకు పనిచేసినవి రెండు. ఒకటి, ఖాళీ ఫైలు ఎవరికీ ఇవ్వకపోవడం. కొత్త పని మొదలుపెట్టేవారు తయారుగా ఉన్న ఒక ఆరంభ ఫైలును నకలు తీసుకుంటారు. అందులో మొదటి పేజీలో స్క్రీన్లు ఉండవు, ప్రశ్నలు ఉంటాయి: వాడేవారు ఎవరు, ఎక్కడ నిలబడి వాడతారు, ఈ ప్రోటోటైప్‌తో మనం తేల్చుకోవాల్సినది ఏమిటి. ఆ పేజీ నింపాకే రెండో పేజీకి వెళ్తారు. రెండోది, ప్రతివారం ఒకే రోజు, ఒకే వేళకు డిజైనర్ అందుబాటులో కూర్చోవడం. ఎవరైనా సగం గీసినదాన్ని తెచ్చుకోవచ్చు. పూర్తయినదాన్ని తేవద్దని గట్టిగా చెబుతాం.

లైబ్రరీ కాంపొనెంట్లను, అంటే మేము సిద్ధంగా ఉంచిన బటన్లు, గడుల వంటి భాగాలను విడదీసి తమకు నచ్చినట్టు మార్చేవారి మీద మొదట్లో మాకు కోపం వచ్చేది. తరువాత అలా విడదీసిన చోట్లనే ముందుగా పరిశీలించడం మొదలుపెట్టాం. ఒకే కాంపొనెంటును అందరూ విడదీస్తున్నారంటే మా లైబ్రరీలోనే లోటు ఉందని అర్థం.

తనిఖీదారు

యాక్సెసిబిలిటీ మాట వచ్చింది కాబట్టి టెస్టర్‌గా నా పట్టుదల కూడా చెబుతాను. అభిరుచికి సంబంధించిన విషయాలు చర్చించుకోవచ్చు, కొలవగలిగిన విషయాల్లో చర్చ అనవసరం. మామూలు పరిమాణంలో ఉన్న పాఠానికి, దాని వెనుక రంగుకు మధ్య వెలుగులో వ్యత్యాసం కనీసం 4.5కి 1, పెద్ద పాఠానికి 3కి 1 ఉండాలని డబ్ల్యూసీఏజీ చెబుతుంది. 2023 అక్టోబరులో వచ్చిన 2.2 సంచిక నొక్కాల్సిన చోటుకు 24 పిక్సెళ్ల కనీస కొలతను చేర్చింది. ఆపిల్ తన మార్గదర్శకాల్లో 44 పాయింట్లు, గూగుల్ మెటీరియల్ డిజైన్ 48 డీపీ అడుగుతాయి (పాయింట్లు, డీపీ వాటి స్క్రీన్ కొలత ప్రమాణాలు). తెల్ల రంగు మీద లేత బూడిద రంగు పాఠం పెట్టి "నాజూకుగా ఉంది" అనుకునేవారికి, ఆ ఫోన్‌ను మే నెల ఎండలో ఆరుబయట పట్టుకుని చదవమని చెప్పండి. వ్యత్యాసం కొలిచే ప్లగిన్లు ఫిగ్మాలో ఉన్నాయి. గీసినవారే కొలిచి, అంకెను స్క్రీన్ పక్కన రాయాలన్న నియమం పెడితే డిజైనర్‌కు ఆ వాదన మిగలదు.

పాతకాపు గారి బూడిద కిట్‌లో ఆ రెండు బూడిద ఛాయలను కూడా ఈ లెక్కతోనే ఎంచుకోండి.

నల్లగొండ_నవీన్

మీరంతా గీయడం గురించి మాట్లాడుతున్నారు. మా దగ్గర గీయడం కూడా తగ్గిపోయింది. 2025లో ఫిగ్మా మేక్ వచ్చాక, కావలసినది వాక్యాల్లో రాస్తే నొక్కి చూడగలిగే ప్రోటోటైప్ నిమిషాల్లో వస్తోంది. నేను దాన్ని వాడుతున్నాను, నాకు చాలా ఉపయోగంగా ఉంది. కానీ వచ్చినదాంట్లో ఏది మంచిది, ఏది కాదన్నది చెప్పగలిగే చూపు నాకు లేదని కూడా తెలుస్తోంది. బూడిద కిట్ లాంటి నియమం ఇక్కడ ఎలా పనిచేస్తుంది?

తనిఖీదారు

నవీన్ గారు అడిగినదాంట్లో నాకు ఎక్కువ భయం కలిగించేది అనుకరణ. మన చేత్తో చూసి గీసినా, యంత్రం చేత తయారుచేయించినా, ఎక్కడో బాగా నడుస్తున్న షాపింగ్ యాప్ పద్ధతులు మన స్క్రీన్లలోకి వచ్చి చేరతాయి. రుణ దరఖాస్తు చివర బీమా పెట్టెలో ముందే టిక్ పెట్టి ఉంచడం, "ఈ అవకాశం ఇంకా 10 నిమిషాలే" అని గడియారం తిప్పడం, వద్దన్న బటన్ మీద మనిషిని సిగ్గుపరిచే వాక్యం రాయడం ఇలాంటివే. కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబరు 30న డార్క్ ప్యాటర్న్‌ల మీద, అంటే వాడేవారిని మభ్యపెట్టే డిజైన్ పద్ధతుల మీద, మార్గదర్శకాలు వెలువరించి, 13 రకాలను పేర్కొంది. కొనుగోలుదారు అనుమతి లేకుండా బుట్టలో అదనపు వస్తువు చేర్చడం, లేని తొందరను సృష్టించడం, సిగ్గుపరిచి ఒప్పించడం ఆ జాబితాలో ఉన్నాయి. డిజైన్ చదవనివారు వీటిని చెడ్డ ఉద్దేశంతో పెట్టరు, అందరూ అలాగే చేస్తున్నారు కదా అని పెడతారు. ఆ 13 రకాలనూ మన యాప్‌కు సంబంధించిన ఉదాహరణలతో రెండు పేజీల్లో రాసి ఇవ్వడం మార్గదర్శనంలో మొదటి పని కావాలి. అప్పు తీసుకునే మనిషి విషయంలో ఇది మర్యాదకు సంబంధించిన మాట కూడా.

కాకినాడ_పాఠం

నేను ఒక కళాశాలలో ఇంటర్‌ఫేస్ డిజైన్ బోధిస్తాను, కంపెనీల్లో డిజైనర్లు కానివారికీ అప్పుడప్పుడు చెబుతుంటాను. ఇంతవరకు కిట్ల గురించి, కొలతల గురించి మంచి విషయాలు వచ్చాయి. పక్కన కూర్చున్న మనిషితో ఎలా మాట్లాడాలన్నది ఇంకా రాలేదు, మార్గదర్శనంలో సగం అదే.

మొదటిది, వారి మౌస్ అందుకోకండి. సరిదిద్దే చేయి మీదైతే, వారు మీరు చేసినది చూస్తారే తప్ప ఎందుకు చేశారో నేర్చుకోరు. మరుసటి వారం అదే స్క్రీన్‌తో మళ్లీ మీ దగ్గరకే వస్తారు. "ఈ బటన్ కిందకు జరపండి" అన్న వ్యాఖ్య కన్నా "ఒక చేత్తో రిజిస్టరు పట్టుకున్న ఉద్యోగికి బొటనవేలు ఇక్కడిదాకా అందుతుందా" అన్న ప్రశ్న మేలు. మొదటిది ఆ ఒక్క స్క్రీన్‌కు పనికొస్తుంది, రెండోది వారు గీయబోయే స్క్రీన్లన్నిటికీ పనికొస్తుంది.

రెండోది, ఒక్క పరిష్కారం తెచ్చినవారితో చర్చ మొదలుపెట్టకండి, కనీసం రెండు తెమ్మనండి. ఒక్కటే తెచ్చినప్పుడు మీరు ఏం చెప్పినా వారికి అది తమ మీద తీర్పులాగే వినిపిస్తుంది. రెండు పక్కపక్కన ఉంటే మాట పోలిక మీదకు మళ్లుతుంది. 2010లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు అనుభవం లేనివారి చేత వెబ్ ప్రకటనలు తయారుచేయించి ఇదే విషయాన్ని పరీక్షించారు. ఒకదాని తరువాత ఒకటిగా సవరించుకుంటూ పోయినవారి కన్నా, కొన్నిటిని ఒకేసారి తయారుచేసి వాటన్నిటి మీదా కలిపి అభిప్రాయం తీసుకున్నవారి ప్రకటనలు మెరుగ్గా వచ్చాయి, వారి ఆత్మవిశ్వాసమూ పెరిగింది. నవీన్ గారి ప్రశ్నకు కూడా నా సమాధానం ఇదే. యంత్రం నిమిషాల్లో ఇస్తుంది కాబట్టి ఒకటి అడిగి ఆగకండి. ఒకదానికొకటి పోలిక లేని మూడు అడగండి. మూడింటిలో ఏది ఎందుకు వద్దో రాయండి. ఆ రాతలు మీనా గారి లాంటి వారికి చూపించండి. మీకు లేదంటున్న ఆ చూపు అక్కడే మొదలవుతుంది.

మూడోది అన్నిటికన్నా కష్టమైనది. గీసినవారిని వాడేవారి ఎదుట కూర్చోబెట్టి, నోరు మెదపకుండా చూడమనండి. తమ ప్రోటోటైప్‌లో ఒక మనిషి తడబడటం కళ్లారా చూసినవారికి మీరు వేరే పాఠం చెప్పనక్కర్లేదు.

గుంటూరు_జీఎస్

వాడేవారి దగ్గరకు వెళ్లడానికి క్లయింటు అనుమతి, ప్రయాణం, సమయం కావాలి. ఇవేవీ లేని చోట ఏం చేయాలి?

కాకినాడ_పాఠం

అయిదుగురు దొరికితే మొదలుపెట్టవచ్చు. వినియోగ సౌలభ్య నిపుణుడు జేకబ్ నీల్సన్ 2000లో రాసిన వ్యాసం వల్ల ఆ అంకె ప్రసిద్ధమైంది. ఒక్కొక్కరు సమస్యల్లో సుమారు 31 శాతం బయటపెడతారనుకుంటే, అయిదుగురితో 85 శాతం దాకా బయటపడతాయన్నది దాని వెనుక లెక్క. ఆ 31 శాతం అన్ని యాప్‌లకూ వర్తించదు, పైగా సంఘం సభ్యురాలు, క్షేత్ర ఉద్యోగి, బ్రాంచి మేనేజరు మూడు వేర్వేరు రకాల వినియోగదారులు కాబట్టి ఒక్కొక్క రకానికి వేరుగా చూడాలి. కానీ అయిదుగురు దొరకలేదని ఒక్కరికీ చూపకపోవడం సరికాదు. క్షేత్ర సిబ్బంది సమీక్షల కోసం బ్రాంచికి వచ్చే రోజు ఉంటుంది, ఆ రోజు కాగితం మీద గీసిన స్క్రీన్లతో కూర్చున్నా చాలు.

బీఏ_స్వర్ణ

మౌస్ అందుకోవద్దన్న మాటకు నా తరఫున ప్రత్యేకంగా కృతజ్ఞతలు. నా ఫైలు తెరిచి, ఏమీ చెప్పకుండా మొత్తం మార్చి, తిరిగి పంపిన డిజైనర్లతో పనిచేశాను. స్క్రీన్ బాగుపడేది, నాకు మాత్రం ఏమీ తెలిసేది కాదు. మార్పుల్లో కొన్ని నియమానికి విరుద్ధంగా ఉండేవి కూడా, ఎందుకంటే ఆ గడి అక్కడ ఎందుకు ఉందో వారు నన్ను అడగలేదు. ప్రశ్న అడగడం రెండు వైపుల నుంచీ ఉండాలి.

శాన్‌హోసే_శ్రీ

ఒక జాగ్రత్త ఎవరూ రాయలేదు. నిజమైన పేర్లు పెట్టండని అక్షరయాత్ర గారు చెప్పినది పొడవు కోసం, నిజమైన మనుషుల వివరాల కోసం కాదు. అసలు దరఖాస్తుల నుంచి ఆధార్ సంఖ్యలు, ఫోన్ నంబర్లు, ఫోటోలు తెచ్చి ప్రోటోటైప్‌లో అతికించేవారు ఉన్నారు. ఆ లింకు "లింకు ఉన్న ఎవరైనా చూడవచ్చు" అన్న అమరికతో వాట్సాప్‌లో తిరుగుతుంది. వ్యక్తిగత డేటాకు 2023లో చట్టం వచ్చిందని వారికి చెప్పండి, ఆరంభ ఫైలులోనే కల్పిత వివరాల పట్టిక ఒకటి సిద్ధంగా పెట్టండి. చేతికి అందేలా ఉంటే అదే వాడతారు.

అక్షరయాత్ర

శ్రీ గారి సవరణ అవసరమైనదే. కల్పిత వివరాల్లో ఇంటిపేరు పొడి అక్షరంగా ఉన్నవి, ఇంటిపేరు పూర్తిగా రాసినవి, ఒకే పేరున్న ఇద్దరు సభ్యులు, పేరు లేకుండా సర్వే నంబరుతో రాసిన చిరునామా ఇలాంటివన్నీ ఉండేలా ఆ పట్టికను నేను రాసి ఇవ్వగలను.

మాదాపూర్_మీనా

అక్షరయాత్ర గారూ, తప్పకుండా పంపండి. ఇక్కడ వచ్చినవాటిలో మా దగ్గర వెంటనే మొదలుపెట్టబోయేవి చెబుతాను. అనుమతులు ఎవరివీ తగ్గించను. ఆరంభ ఫైలు ఒకటి చేస్తాను. దాని మొదటి పేజీలో శ్రీ గారి ప్రశ్నలతో పాటు "ఈ స్క్రీన్‌ను కట్టిపడేసే నియమం ఏది, అది ఎక్కడ ఉంది" అన్న గడి కూడా ఉంటుంది, దాన్ని బిజినెస్ అనలిస్టులు నింపుతారు. కిట్ బూడిద రంగులోనే ఉంటుంది. ప్రతి గురువారం మధ్యాహ్నం నేను కూర్చుంటాను, రెండు ప్రత్యామ్నాయాలు లేనిదే చర్చ ఉండదు. 13 డార్క్ ప్యాటర్న్‌ల పత్రాన్ని మా టెస్టర్లు తమ తనిఖీ జాబితాలో చేర్చుకుంటామన్నారు.

తేలనిది అమ్మకాల బృందం సంగతి. రంగులు లేని ప్రోటోటైప్‌ను క్లయింటుకు చూపడానికి వారు ఒప్పుకోవడం లేదు.

పాతకాపు_సికింద్రాబాద్

వారికి రంగుల స్క్రీన్లు కావాలంటే ఇవ్వండి, కానీ మూడింటికి మించి ఇవ్వకండి, వాటిని ఒకదానితో ఒకటి కలపకండి. నొక్కితే కదలని స్క్రీన్ రూపాన్ని చూపిస్తుంది, పనితీరును వాగ్దానం చేయదు. కదిలేది బూడిద రంగులోనే ఉండాలి. క్లయింటు సంతకం కూడా స్క్రీన్ల మీద తీసుకోకండి. ఎవరు ఏ పరిస్థితిలో ఏ పని పూర్తి చేయగలగాలో రాసిన ఒక పేజీ మీద తీసుకోండి. అప్పుడు గడుల వరుస మార్చుకునే స్వేచ్ఛ మీ దగ్గరే ఉంటుంది.

గుంటూరు_జీఎస్

సంతకం రాతపూర్వక పేజీ మీద తీసుకునేటట్టయితే ఎడిట్ అనుమతుల మీద నా అభ్యంతరం చాలావరకు తగ్గుతుంది. నేను మొదట భయపడినది జవాబుదారీ చెదిరిపోతుందనే. ఆ పేజీకి బాధ్యులెవరో మాత్రం పేరు పెట్టి రాయండి.

కోడుగూడు

మీనా గారూ, ఆరంభ ఫైలులో స్థితుల పేజీని నేను రాస్తాను. మీ యాప్ పల్లెల్లో వాడేది కాబట్టి ఒక్కటి ముందుగానే చెబుతున్నాను, దాన్ని అందరికన్నా పైన పెట్టండి: ఫోన్‌లో నింపడం పూర్తయి, సర్వర్‌కు ఇంకా చేరని దరఖాస్తు. ఉద్యోగికి అది చేరిపోయినట్టే కనిపిస్తే సభ్యురాలికి "అయిపోయిందమ్మా" అని చెప్పి వెళ్లిపోతాడు. దానికి వేరే రంగు, వేరే మాట, ఎన్ని దరఖాస్తులు ఇంకా ఫోన్‌లోనే ఉన్నాయో చూపే అంకె, మళ్లీ పంపే బటన్ ఈ నాలుగూ కావాలి. మీ ప్రోడక్ట్ మేనేజర్ దీనికి రెండు ప్రత్యామ్నాయాలు గీసి గురువారం తెస్తే, నేను కూడా ఆ సమావేశానికి ఫోన్‌లో చేరతాను.